కొళాయి దాకా వచ్చిన ప్రగతి ఊట దాకా చేరాలి
విడపనకల్లు ప్రాంతం ఆధారంగా తాగునీరు, పారిశుద్ధ్యం, సేద్యాల పరస్పర సంబంధంపై ఒక పరిశీలన

గుంతకల్లు నుండి బళ్లారి వెళ్లే దారిలో, కర్ణాటక సరిహద్దుకు చేరువగా ఉన్న మండల కేంద్రం విడపనకల్లు. ఈ ప్రాంతంలో రైతుతో విత్తనం గురించి మాట మొదలుపెట్టినా, ఎరువు గురించి మొదలుపెట్టినా అది చివరకు నీటి దగ్గరే ఆగుతుంది. దేశమంతటా తాగునీటి సరఫరాలో, పారిశుద్ధ్యంలో గత దశాబ్ద కాలంలో వచ్చిన మార్పు సామాన్యమైనది కాదు. అయితే ఆ మార్పు ఎంతవరకు నిలకడ గలదో తెలుసుకోవాలంటే వర్షాకాలంలో రాజధానిలో కూర్చుని చూస్తే చాలదు. మే నెలలో ఇటువంటి మండలంలో కొళాయి తిప్పి చూడాలి.

తాగునీరు ఇంజనీర్ల విషయమని, మరుగుదొడ్డి పంచాయతీ విషయమని, పొలం మాత్రమే మన విషయమని వ్యవసాయ శాస్త్రవేత్తలమైన మనం చాలాకాలంగా భావిస్తూ వచ్చాం. గ్రామంలో కొళాయికి నీరిచ్చే బోరు, పక్క పొలంలో పైరుకు నీరిచ్చే బోరు ఒకే రాతి పగుళ్లలోని ఒకే నీటిని తోడుతున్నప్పుడు ఈ విభజన నిలబడదు. తాగునీటి ప్రగతిలో మిగిలి ఉన్న పనిలో పెద్ద భాగం పొలంలోనే జరగవలసి ఉందని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దేశ ప్రగతి: అంకెలు చెప్పేది

గ్రామీణ తాగునీటికి కేంద్ర ప్రభుత్వం 1972-73లో సత్వర గ్రామీణ నీటి సరఫరా కార్యక్రమాన్ని, 1986లో జాతీయ తాగునీటి మిషన్‌ను ప్రారంభించింది. ఆనాటి లక్ష్యం ఊరికొక సురక్షితమైన నీటి వనరు, మనిషికి రోజుకు 40 లీటర్లు. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ లక్ష్యాన్ని వీధి నుండి ఇంటికి మార్చింది. ప్రతి గ్రామీణ కుటుంబానికి ఇంటి కొళాయి ద్వారా మనిషికి రోజుకు కనీసం 55 లీటర్ల నాణ్యమైన నీరు అందించాలన్నది దీని సంకల్పం. ఆనాటికి కొళాయి ఉన్న గ్రామీణ కుటుంబాలు 3.23 కోట్లు, అనగా సుమారు 17 శాతం. 2025 ఆరంభానికి ఈ సంఖ్య 15 కోట్లు దాటి 80 శాతానికి చేరువైంది. మిగిలిన పని కోసం పథకాన్ని 2028 వరకు పొడిగిస్తున్నట్లు 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు.

పారిశుద్ధ్యంలోనూ ఇటువంటి వేగమే కనిపిస్తుంది. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ కింద అయిదేళ్లలో గ్రామాలలో 10 కోట్లకు పైగా మరుగుదొడ్లు నిర్మించారు. 2019 అక్టోబరు 2న గ్రామీణ భారతాన్ని బహిరంగ మలవిసర్జన రహితంగా ప్రకటించారు. కాని 2019-21 మధ్య జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 19 శాతం కుటుంబాలకు ఏ మరుగుదొడ్డి సౌకర్యమూ లేదని తేలింది. 2015-16 నాటి సర్వేలో ఇది 39 శాతం. అయిదేళ్లలో సగానికి తగ్గడం గొప్ప మార్పే. అయినా కట్టినట్లు నమోదైన దానికి, ఇంటిలో వాడుతున్న దానికి మధ్య ఎడం ఉన్నదని కూడా అదే సర్వే తెలియజేస్తున్నది.

సౌకర్యం వేరు, సేవ వేరు

ఈ ఎడం మన దేశానికే ప్రత్యేకం కాదు. సహస్రాబ్ది అభివృద్ధి లక్ష్యాలలో తాగునీటి లక్ష్యాన్ని ప్రపంచం 2015 గడువుకు అయిదేళ్ల ముందే, 2010లోనే చేరుకున్నట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సంయుక్తంగా ప్రకటించాయి. అప్పటి కొలమానం 'మెరుగైన వనరు'. చేతిపంపు ఉంటే మెరుగైనట్లే. అందులోని నీటిలో ఫ్లోరైడ్ ఎంత, వేసవిలో పంపు పనిచేస్తుందా అన్న ప్రశ్నలు లెక్కలోకి రాలేదు. ఈ లోపాన్ని గుర్తించి, 2015లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన సుస్థిర అభివృద్ధి లక్ష్యాలలోని ఆరవ లక్ష్యానికి కొలమానాన్ని మార్చారు. ఇప్పుడు నీరు ఇంటి ఆవరణలోనే లభించాలి, అవసరమైనప్పుడు లభించాలి, మలసంబంధమైన సూక్ష్మజీవులు గాని, ఫ్లోరైడ్, ఆర్సెనిక్ వంటి రసాయనాలు గాని పరిమితి మించి ఉండరాదు. ఈ మూడూ కలిస్తేనే 'సురక్షితంగా నిర్వహించబడే' సేవ.

మొదటి షరతును గొట్టం తీరుస్తుంది. రెండవదీ మూడవదీ తీరాలంటే నీటి వనరు బాగుండాలి. ఆ వనరు దగ్గరకే ఇప్పుడు వెళ్దాం.

విడపనకల్లు నేల, నీరు

అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల వద్దనే చాలావరకు కురిసిపోతాయి. ఈశాన్య మేఘాలు తూర్పు కనుమలు దాటి వచ్చేసరికి బలహీనపడతాయి. జిల్లాలో అధిక భాగం లోతు తక్కువైన ఎర్ర నేలలు, వాటి కింద గ్రానైట్, నైస్ శిలలు. ఉరవకొండ, విడపనకల్లు వైపు వచ్చేసరికి నల్లరేగడి నేలలు కూడా విస్తారంగా కనిపిస్తాయి. ఎర్ర నేలల్లో వర్షాధారపు వేరుశనగ, కంది, ఆముదం, నల్లరేగడిలో నిలువ తేమపై రబీ శనగ, నీటి వసతి ఉన్న చోట మిరప ఇక్కడి ప్రధాన పంటలు.

గట్టి శిలలలో నీరు నిలువ ఉండే చోటు చాలా తక్కువ. పైనున్న శిథిల శిలాపొర, దాని కింద పగుళ్లు తప్ప వేరే ఆధారం లేదు. మంచి వానకు త్వరగా నిండినట్లే, తోడితే త్వరగా ఖాళీ అవుతుంది. 1960వ దశకపు కరువుల సమయంలో గట్టి రాతిని తొలిచే యంత్రాలు తాగునీటి కోసమే దేశానికి వచ్చాయి. చేతిపంపు బోర్లు ప్రజలను ఆదుకున్నాయి. తరువాత అదే యంత్రం సేద్యానికి వచ్చింది. దిగుడు బావులు ఎండాయి, బోర్ల లోతు పెరిగింది, చివరకు ఊరి తాగునీటి బోరు కూడా పొలం బోర్ల పోటీలో ఓడిపోయింది. నీరు పడని బోర్లకు చేసిన అప్పు అనంతపురం రైతు కుటుంబాలను ఎంతగా కుంగదీసిందో ఈ పత్రిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

స్థానిక భూగర్భ జలం చాలదన్న గుర్తింపు ఈ జిల్లాకు కొత్త కాదు. 1995-96లో శ్రీ సత్యసాయి తాగునీటి పథకం 700కు పైగా గ్రామాలకు పైపుల ద్వారా నీరు అందించింది. పెన్న, చిత్రావతి, హగరి నదుల ఇసుకలో తవ్విన ఊట బావులు దాని ఆధారాలలో ముఖ్యమైనవి. ఏటి ఇసుకలో చెలమ తీసి కడవ నింపుకొన్న పాత అనుభవాన్నే ఈ బావులు పెద్ద ఎత్తున కొనసాగించాయనవచ్చు. తుంగభద్ర ఎగువ కాలువ, హంద్రీ-నీవా ఎత్తిపోతల ద్వారా వచ్చే కృష్ణా జలం కూడా ఇప్పుడు జిల్లాకు ఆసరా.

అయితే దూరపు నీటికి దూరపు కష్టాలు ఉంటాయి. సుమారు 133 టీఎంసీల సామర్థ్యంతో మొదలైన తుంగభద్ర జలాశయం పూడిక వలన 105 టీఎంసీల స్థాయికి తగ్గింది. 2024 ఆగస్టు 10 రాత్రి ఆ ఆనకట్ట 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు దిగువనున్న రైతులు వారం రోజులు ఊపిరి బిగబట్టుకొని గడిపారు. కాలువ నీరు రావాలి, వస్తున్నందుకు సంతోషించాలి. కాని ఊరి సొంత ఊటను చంపుకొని కాలువపైనే ఆధారపడడం వివేకం కాదు.

నాణ్యత: రాయి ఇచ్చే ఫ్లోరైడ్, మనమిచ్చే నైట్రేట్

భారతదేశంలో ఎముకల ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లో మొదటగా నమోదు చేసింది నాటి నెల్లూరు జిల్లాలోనే. తెలుగు నేలకు ఈ సమస్య అంత పాతది. గ్రానైట్ శిలల్లోని అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాల నుండి ఫ్లోరైడ్ నీటిలోకి కరుగుతుంది. నీటిలో సోడియం, బైకార్బొనేట్ ఎక్కువై కాల్షియం తక్కువైనప్పుడు ఈ కరుగుదల హెచ్చుతుంది. లోతు పెరిగేకొద్దీ నీరు రాతితో ఎక్కువకాలం కలిసి ఉంటుంది కాబట్టి, లోతైన బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే అవకాశమున్నది. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 1.0 మిల్లీగ్రాము వాంఛనీయం, వేరే వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి. అది మించితే మొదట పిల్లల పళ్లపై గారలు, దీర్ఘకాలంలో ఎముకలు, కీళ్లు బిగుసుకుపోవడం సంభవిస్తాయి. సేద్యం కోసం నీటిమట్టాన్ని కిందికి నెట్టడమంటే తాగేవారి చేత మరింత లోతు నీరు తాగించడమే.

పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే 'నల్గొండ పద్ధతి'ని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ రూపొందించింది. ఇప్పుడు ఊరూరా ఆర్.ఓ. యంత్రాలు వచ్చాయి. ఇవి అవసరమే. కాని శుద్ధి చేసిన ప్రతి బిందెకు లవణాలతో కూడిన కొంత నీరు వృథాగా బయటికి పోతుంది. దానిని వీధి గుంతలో వదిలితే ఆ లవణాలే మళ్లీ భూమిలోకి ఇంకుతాయి. పైగా డబ్బా నీరు కొనగలిగిన ఇంటికి ఒక నీరు, కొనలేని ఇంటికి మరొక నీరు అన్న తేడా ఏర్పడుతుంది.

ఫ్లోరైడ్ రాయి నుండి వస్తే, నైట్రేట్ చాలావరకు మన చేతుల నుండి వస్తుంది. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక ప్రకారం దేశంలో 440 జిల్లాల భూగర్భ జలంలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితిని మించిన చోట్లు ఉన్నాయి. నత్రజని ఎరువుల అధిక వాడకం, పశువుల పెంటకుప్పలు, మురుగు ఇందుకు కారణాలు. నైట్రేట్ అధికమైన నీటితో పాలు కలిపి పట్టినప్పుడు పసిబిడ్డల రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తి తగ్గుతుంది. మన సిఫారసు ప్రకారం ఎకరా వర్షాధార వేరుశనగకు నత్రజని 8 కిలోలు, ఎకరా మిరపకు 120 కిలోలు. ఇసుక పాలు ఎక్కువైన తేలిక నేలలో ఈ 120 కిలోలను తక్కువ దఫాలలో వేసి విస్తారంగా నీరు పారిస్తే, పైరు అందుకోలేని నత్రజని వేరు దాటి కిందికి పోతుంది. రైతుకు అది ఖర్చు, ఊరి బోరుకు అది కాలుష్యం.

ఒక గ్రామపు నీటి పద్దు

సమస్య పరిమాణం అర్థం కావడానికి 500 ఇళ్లు, 2,500 జనాభా గల ఒక ఊహాత్మక గ్రామాన్ని తీసుకుందాం.

1. మనిషికి 55 లీటర్ల చొప్పున రోజుకు 1,37,500 లీటర్లు, ఏడాదికి సుమారు 5 కోట్ల లీటర్లు కావాలి. పశువుల అవసరం దీనికి అదనం.

2. ఎకరా వరికి పంటకాలంలో 1,200 మిల్లీమీటర్ల నీరు పెడితే సుమారు 48.5 లక్షల లీటర్లు. అంటే బోర్ల కింద పది ఎకరాల ఒక పంట వరికి తోడే నీరు, ఆ ఊరంతటికీ ఏడాది పొడవునా కొళాయి నీటికి సరిపోతుంది.

3. ఎకరా ఆరుతడి వేరుశనగకు 500 మిల్లీమీటర్ల చొప్పున సుమారు 20 లక్షల లీటర్లు, జొన్న, కొర్ర వంటి పైర్లకు 350 మిల్లీమీటర్ల చొప్పున సుమారు 14 లక్షల లీటర్లు చాలు.

4. 550 మిల్లీమీటర్ల వానలో పదవ వంతు భూమిలోకి ఇంకుతుందనుకుంటే ఎకరాకు సుమారు 2.2 లక్షల లీటర్లు. ఊరి తాగునీటిని భర్తీ చేయడానికి 225 ఎకరాల వాన కావాలి. ఒక్క ఎకరా వరికి తోడిన నీటిని భర్తీ చేయడానికి 22 ఎకరాల వాన కావాలి.

వరి మడిలో పెట్టిన నీటిలో కొంత తిరిగి ఇంకుతుంది కాబట్టి నికర లోటు కొంత తక్కువే ఉంటుంది. ఎంత ఇంకుతుందన్నది నేలను బట్టి మారుతుంది. అయినా మొత్తం చిత్రం మారదు. దేశంలో తోడుతున్న భూగర్భ జలంలో సుమారు 87 శాతం సేద్యానికే పోతున్నది. తాగునీటి వాటా చాలా చిన్నది. చిన్నది కాబట్టే దానిని కాపాడడం సాధ్యం. ఊరి దాహం తీర్చడానికి సేద్యం మానుకోనక్కరలేదు, సేద్యంలో కొన్ని ఎకరాల పంట మారితే చాలు.

మరుగుదొడ్డికీ నేల స్వభావం ముఖ్యమే

గ్రామాలకు సిఫారసు చేసిన మరుగుదొడ్డి రెండు గుంతలది. ఒకటి నిండగానే రెండవ దానికి మళ్లించి, మొదటి దానిని రెండేళ్లు కదపకుండా ఉంచితే అందులోని మలం వాసన లేని ఎరువుగా మారుతుంది. రోగక్రిములు, పరాన్నజీవుల గుడ్లు చాలావరకు నశిస్తాయి. ఈ నమూనా ఎర్ర నేలలో బాగా పనిచేస్తుంది. నల్లరేగడిలో మాత్రం జాగ్రత్త అవసరం. ఈ నేల తడిస్తే ఉబ్బి నీటిని ఇంకనివ్వదు, ఎండితే బిగిసి గుంత గోడను చీలుస్తుంది. కనుక గుంత చుట్టూ సుమారు 30 సెంటీమీటర్ల మందాన ఇసుక, కంకర లేదా ఇటుక ముక్కల పొర వేయాలి. ఇది వేయని చోట గుంత వానకాలంలో పొంగుతుంది, ఇంటివారు మళ్లీ వంక దారి పడతారు. 'అలవాటు మారలేదు' అని మనం నింద వేసే ఇళ్లలో కొన్నింట అసలు లోపం నేలను చూడకుండా కట్టిన గుంతలో ఉంటుంది. రాతి పగుళ్లు పైకే ఉన్న చోట గుంత అడుగు నీటిమట్టానికి కనీసం రెండు మీటర్లు ఎగువన ఉండేటట్లు, తాగునీటి వనరుకు దూరంగా ఉండేటట్లు చూడాలి.

మరుగుదొడ్డికి నీరు కావాలి. కొళాయి ఎండిన ఇంట్లో బిందె మోసేది సాధారణంగా స్త్రీ. తాగడానికా, వంటకా, మరుగుదొడ్డికా అన్న ప్రశ్న వచ్చినప్పుడు మరుగుదొడ్డి ఓడిపోతుంది. మరొక విషయం మనం తరచుగా మరచిపోతాం. వేరుశనగ కలుపు తీసేటప్పుడు, మిరప కోసేటప్పుడు మహిళా కూలీలు ఉదయం నుండి సాయంత్రం వరకు పొలంలోనే ఉంటారు. ఇంట్లో మరుగుదొడ్డి ఉన్నా ఆ పూటంతా వారికి అది లేనట్లే. మరుగు లేక, నీరు తాగడమే తగ్గించుకునేవారు ఉన్నారు. మన పరిశోధన క్షేత్రాలు, విత్తనోత్పత్తి క్షేత్రాలు ఈ విషయంలో ముందుగా ఆదర్శంగా నిలవాలి.

రెండేళ్లు నిలువ ఉంచిన గుంత ఎరువును సేంద్రియ కర్బనం తక్కువైన ఎర్ర నేలల్లో పండ్ల తోటలకు, పచ్చివిగా తినని పంటలకు దుక్కిలో కలపవచ్చు. పశువుల ఎరువు కొరతగా ఉన్న ఈ జిల్లాలో దీనిని వృథా చేయడం తగదు.

పొలంలో చేయవలసినవి

1. ఆంధ్రప్రదేశ్ జల, భూమి, వృక్ష పరిరక్షణ చట్టం, 2002 ప్రకారం ప్రజా తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావి, బోరు వేయరాదు. తాగునీటి బోరు ఉన్న చోటు నుండి ఈ వలయాన్ని నేలమీద గుర్తించి రైతులకు ముందే తెలియజేయాలి. బోరుకు అప్పు చేసిన తరువాత చెప్పే నిబంధన ఎవరికీ ఉపయోగపడదు.

2. ఆ వలయంలో ఇప్పటికే ఉన్న బోర్ల కింద వేసవి వరి మానిపించి ఆరుతడి పంటలు, బిందు సేద్యం చేపట్టేటట్లు ప్రోత్సాహంలో ప్రాధాన్యం ఇవ్వాలి. 2003లో సూక్ష్మ సేద్య పథకం ప్రారంభమైన నాటి నుండి ఈ జిల్లా రైతులకు బిందు సేద్యం పరిచితమే. కాని మిగిలిన నీటితో మరో ఎకరా తడిపితే ఊటకు మిగిలేది ఏమీ ఉండదు. నీటి పొదుపును విస్తీర్ణపు పరిమితితో జోడించాలి.

3. వాలుకు అడ్డంగా దుక్కి, వేరుశనగలో గొడ్డు సాళ్లు, నల్లరేగడిలో వర్షాకాలంలో చిన్న మడులుగా గట్లు, పొలం దిగువన నీటి కుంట వంటి మన పాత సిఫారసులన్నీ తాగునీటి పనులు కూడా. తాగునీటి వనరుకు ఎగువనున్న పొలాల్లో వీటిని మొదట అమలు చేయాలి.

4. మిరపకు నత్రజనిని ఎక్కువ దఫాలుగా విభజించి, వీలైన చోట బిందు సేద్యం ద్వారా అందించాలి. భూసార పరీక్షతో పాటు అదే పొలం బోరు నీటిలో నైట్రేట్ కూడా పరీక్షించి, నీటితో వస్తున్న నత్రజనిని ఎరువు మోతాదులో తగ్గించవచ్చు.

5. జల్ జీవన్ మిషన్ కింద గ్రామానికి అయిదుగురు మహిళలకు నీటి పరీక్ష పెట్టె వాడకంలో శిక్షణ ఇవ్వాలన్న ఏర్పాటు ఉన్నది. ఈ ఫలితాలు గ్రామ వ్యవసాయ సహాయకునికీ చేరాలి. గ్రామ నీటి, పారిశుద్ధ్య సంఘంలో ఆయనకు కూడా స్థానం ఉండాలి.

ఇవన్నీ కేవలం కోరికలు కావు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాలలో అమలైన రైతు నిర్వహిత భూగర్భ జల వ్యవస్థల ప్రాజెక్టులో రైతులే వర్షమాపకాన్ని చూశారు, బావుల నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు గ్రామసభలో నీటి పద్దు వేసుకొని పంటలు నిర్ణయించుకొన్నారు. ఎవరూ ఎవరినీ నిర్బంధించలేదు. ఊరి కింద ఎంత నీరున్నదో కళ్లకు కనిపించినప్పుడు పంట ఎంపికలో మార్పు వస్తుందని ఆ అనుభవం చూపింది. అటువంటి పద్దులో తాగునీటిని మొదటి పంక్తిగా రాసే నియమం ఉండాలి.

ముగింపు

నీరు, పారిశుద్ధ్యం మానవ హక్కులని ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 2010 జూలై 28న తీర్మానించింది. మన దేశం ఆ హక్కును గొట్టం రూపంలో ఇంటి గడప వరకు తెచ్చింది. దానిని తక్కువ చేసి చెప్పరాదు. అయితే గొట్టం నీటిని మోస్తుందే గాని పుట్టించదు.

కనుక విడపనకల్లు వంటి మండలాల్లో ప్రగతిని కొలవడానికి రెండు అంకెలను ప్రతి పంచాయతీ గోడపై రాయవలసిందిగా నా సూచన. నవంబరులో తాగునీటి బోరులో నీరు ఎన్ని మీటర్ల లోతున ఉన్నది, మే నెలలో ఎన్ని మీటర్ల లోతున ఉన్నది. నవంబరు అంకె చూసి రైతు రబీ పంట నిర్ణయించుకోవాలి. మే అంకె చూసి మనం, అనగా ఆ పంటను సిఫారసు చేసినవారం, మన సిఫారసును సరిచూసుకోవాలి. ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు అన్న ప్రశ్నతో పాటు ఊరి ఊటలో ఎన్ని మీటర్లు మిగిలాయన్న ప్రశ్నకు కూడా సేద్య విభాగం జవాబు చెప్పగలిగిన నాడు తాగునీటి ప్రగతి లెక్కలో మన వాటా కూడా చేరుతుంది.